ఖాళీ ట్యూబు

"మురికినీళ్లు ముంచడానికి ఇంత చదువెందుకే?"

కాపురానికొచ్చిన కొత్తలో కోడల్ని అత్తగారు అడిగిన మాట ఇది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చంకలో ఐసుపెట్టె, చేతిలో కర్రకు కట్టిన సీసా. ఆ వేషంలో కోడలు పొద్దున్నే గుమ్మం దిగుతోంది.

"ముంచడానికి అక్కర్లేదు అత్తయ్యా. ముంచాక ఏం చెయ్యాలో తెలియడానికి."

"ఏం చేస్తారేంటి, పారబోస్తారు!"

కోడలు స్కూటరెక్కింది. కానీ అత్తగారి మాట ఊరికే పోలేదు. కొన్నేళ్ల తర్వాత ఒక ఏడాది పనిని ఆమె నిజంగానే పారబోయాల్సి వచ్చింది. ఎందుకు పారబోసిందో చెబితే ఆమె ఎలాంటి మనిషో తెలుస్తుంది కాబట్టి అదే చెబుతాను.

కాలువ వెంట ఉండేవాళ్లు ఆమెను నీళ్లావిడ అంటారు. విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తుంది. ఉద్యోగం పర్మినెంటు కాదు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు జీతం, అది అయిపోవస్తుంటే ఇంకో ప్రాజెక్టుకు దరఖాస్తు. మూడో అంతస్తులో ఆమె గది సగం ఫ్రీజర్లదే. తక్కిన సగంలో ఒక బల్ల, ఒక సింకు, రెండు కుర్చీలు. ఒక కుర్చీకి చెయ్యి విరిగింది. వచ్చినవాళ్లను అందులోనే కూర్చోబెడుతుంది, తొందరగా లేచి వెళతారని.

భర్త ఫ్రిజ్ మెకానిక్. ల్యాబులో డీప్ ఫ్రీజరు మొరాయిస్తే బాగుచెయ్యడానికి వచ్చాడు. తలుపు తీసి చూసి, "మురికినీళ్లకి ఇంత చలి అవసరమాండీ?" అన్నాడు. ఆమె అరగంట పాటు వివరించింది. అతను అరగంటా విన్నాడు. అంతసేపు విన్న మొదటి మనిషి అతనేనని, అందుకే పెళ్లి చేసుకున్నానని ఆమె చెబుతుంది. ఆ ఫ్రీజరు ఇప్పటికీ మొరాయిస్తూనే ఉంది. కాకపోతే ఇప్పుడు రిపేరు ఊరికే.

ఇలాంటివాళ్ల గురించి రాసేటప్పుడు వెనక ఒక విషాదం ఉంటే బాగుంటుందని అందరికీ ఆశ. ఒక పత్రిక విలేఖరి వచ్చి, మందులు పనిచెయ్యక మీ ఇంట్లో ఎవరైనా పోయారా మేడమ్, అని ఆశగా అడిగాడట. ఎవరూ పోలేదు. ఆమె దరఖాస్తు పెట్టిన ఏడాది ఆ ప్రొఫెసరు దగ్గర ఒక సీటు ఖాళీగా ఉంది, చేరింది. చేస్తూ ఉంటే పని నచ్చింది. సేవ, త్యాగం లాంటి మాటలు ఎత్తితే, "జీతం కూడా ఇస్తారండీ, కాస్త ఆలస్యంగా" అంటుంది.

ఆ పనేమిటో చెప్పాలి. మనం జ్వరానికో పుండుకో వాడే యాంటీబయాటిక్‌ను తట్టుకునే ఉపాయం కొన్ని బాక్టీరియాల దగ్గర ఉంటుంది. ఆ ఉపాయం వాటి జన్యువుల్లో ఉంటుంది. చిక్కేమిటంటే, అవి ఆ జన్యువును తమ పిల్లలకు ఇచ్చి ఊరుకోవు. పక్కన ఎవరుంటే వాళ్లకీ ఇచ్చేస్తాయి, చుట్టరికం కూడా చూడవు. అలా ఆస్పత్రిలో తయారైన ఉపాయం కాలువలోకీ, కాలువలోంచి మడిలోకీ, మడిలోంచి ఇంకెవరి కడుపులోకో చేరవచ్చు. ఏ జన్యువు ఎక్కడ బయల్దేరి ఎటు పోతోందో కనిపెట్టడం ఆమె పని. సీసాడు నీళ్లను సన్నని వడపోత కాగితం గుండా లాగుతుంది. కాగితం మీద మిగిలిన జిగటలోంచి డీఎన్ఏ తీస్తుంది. దానికి ఒక ఎంజైము కలిపి కాపీలు పెంచుతుంది. ఆ కాపీలను సీక్వెన్సింగ్ యంత్రానికి ఇస్తే, ఆ నీళ్లలో ఎవరెవరి జన్యువులున్నాయో అక్షరాల వరుసలుగా బయటపడతాయి.

ఆమె పట్టుకున్న కాలువ కొండ మీద ఊటలో పుట్టి, ఇళ్ల మధ్యగా దిగి, పెద్దాస్పత్రి వెనకగోడను రాసుకుంటూ వెళ్లి, చివర్న ఆకుకూరల తోటలకు చేరుతుంది. ఒక తూము, దాని కింద మడులు, ఆ మడుల మీద బతికే పాతిక కుటుంబాలు. వాళ్ల తరఫున మాట్లాడే ముసలాయన్ని అందరూ తోటపెద్ద అంటారు. ఆయనతో ఆమె పరిచయమే తగువుతో మొదలైంది.

"ఏంటమ్మాయ్, నా పాలకూర మీద కేసు పెడతావా?"

"కేసేంటి బాబాయ్, సీసాడు నీళ్లేగా."

"అన్ని కేసులూ సీసాడు నీళ్లతోనే మొదలవుతాయ్."

ఆయన నోటి వాక్కు అలాంటిది. ఏడాది తిరిగేసరికి అన్నంత పనీ అయింది.

ల్యాబుల్లో ఒక నియమం ఉంది. ప్రతి విడతలోనూ ఒక ట్యూబును ఖాళీగా నడపాలి. అంటే అందులో కాలువ నీళ్లకు బదులు శుద్ధమైన నీళ్లు పోసి, మిగతా ట్యూబులకు చేసే పనులన్నీ దానికీ చెయ్యాలి. దాంట్లోంచి ఏమీ రాకూడదు. వచ్చిందంటే అది కాలువది కాదు, మన చేతులదో మన సీసాలదో అన్నమాట. ఈ ఖాళీ ట్యూబును బ్లాంక్ అంటారు. అందరికీ తెలిసిన నియమమే. ఎప్పుడో ఒకప్పుడు అందరూ ఎగ్గొట్టే నియమం కూడా. పరీక్ష కిట్ ఖరీదైనది, అందులో మందు ఇన్ని ట్యూబులకని లెక్కగా వస్తుంది, ఏమీ లేని నీళ్ల మీద ఒక ట్యూబు తగలెయ్యడానికి చెయ్యి రాదు. ఆ ఏడాది ఆమె దగ్గర ఆఖరి ట్యూబు మిగిలింది. ఒక్క క్షణం తటపటాయించి, దాంట్లో తూము నీళ్లు పోసింది. ఇంకొక్క నమూనా ఉంటే మంచిదే కదా అనుకుంది. కక్కుర్తికి ల్యాబుల్లో ఇంతకంటే మర్యాదైన రూపం ఉండదు.

ఫలితాలు వచ్చాయి. పెనిసిలిన్ జాతి మందులను విరగ్గొట్టే జన్యువొకటి కాలువ పొడుగునా కనిపించింది. కొండ మీద ఊటలో కూడా.

"ఊటలో కూడానా!" ప్రొఫెసరు కుర్చీలోంచి లేచాడు. "ఇది మామూలు పరిశోధన పేపరు కాదమ్మా. పెద్ద పేపరు."

పేపరు రాయడానికి టైము పడుతుంది కాబట్టి ముందు మున్సిపాలిటీకి రెండు పేజీల నోటు పంపించారు. అక్కడి ఇంజినీరు దాన్ని చదివి తనకు అర్థమైనంత అర్థం చేసుకున్నాడు. కాలువ మొత్తం చెడిపోయింది. కాలువను బాగుచెయ్యడం ఆఫీసు వల్ల కాదు. తూము మూసెయ్యడానికి మాత్రం ఒక తాళంకప్ప చాలు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి తోటలకు నీళ్లు బంద్ అని కాగితం అంటించారు.

తోటపెద్ద మూడంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ వచ్చి, చెయ్యి విరిగిన కుర్చీలో కూలబడ్డాడు.

"సీసాడు నీళ్లన్నావు. తోటంతా పట్టుకెళ్లావు కదమ్మాయ్."

"తూము మూసెయ్యమని నేను చెప్పలేదు బాబాయ్."

"నువ్వు రాసిందే కదా వాడు చదివింది? సరే, అవన్నీ వద్దు. నా నీళ్లలో అది ఉందా లేదా? ఉందంటే చెప్పు, తాళం నేనే వేస్తా. నా మనవరాలు తినేదీ ఆ కూరే."

"ఉంది," అంది ఆమె.

ఆయన లేచి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది.

ఆ వారమే ఆమె పేపరు కోసం ఒక బొమ్మ గీయడానికి కూర్చుంది. జన్యువు ఒంటరిగా ఉండదు, దానికి అటూ ఇటూ వేరే జన్యువులుంటాయి. ఆ ఇరుగుపొరుగును చూస్తే అది ఎక్కడి సరుకో చెప్పొచ్చు. ఎవరి పేరు ఎత్తినా అత్తగారు ముందు "వాళ్ల పక్కిల్లు ఎవరిది?" అని అడుగుతారు. సీక్వెన్సింగ్ చేసేవాళ్లదీ అదే బుద్ధి. అందుకని ఊట దగ్గర ఆ జన్యువు పక్కన ఎవరున్నారు, ఇళ్ల దగ్గర ఎవరున్నారు, ఆస్పత్రి దగ్గర, తూము దగ్గర ఎవరున్నారు అని వరసగా గీసుకుంటూ వచ్చింది. అన్ని గీతలూ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి. ఎంత ముచ్చటగా ఉందీ బొమ్మ, అని ముందు సంతోషపడింది.

తర్వాత అనుమానం వచ్చింది. కాలువలో ఏదీ అంత ముచ్చటగా ఉండదు. ఊట మట్టిలో ఉండే బాక్టీరియాకూ ఆస్పత్రి పైపులో ఉండే బాక్టీరియాకూ పక్కిళ్లు ఒకటే ఎలా అవుతాయి? పరకాయించి చూస్తే ఆ పక్కింటివాళ్లు ఆమెకు బాగా తెలిసినవాళ్లు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ప్రతి విద్యార్థీ పెంచే డీఎన్ఏ చుట్ట అది. మనుషులు ల్యాబులో అతికించి తయారుచేసింది, ఏ కాలువలోనూ పుట్టింది కాదు.

అది నీళ్లలోకి ఎలా వచ్చిందో ఆమెకు వెంటనే తట్టింది. కాపీలు పెంచే ఎంజైమును కంపెనీలు బాక్టీరియాల చేత తయారుచేయిస్తాయి. ఆ పని చేసే బాక్టీరియా మాత్రమే బతికి మిగతావి చచ్చేలా, దానికి పెనిసిలిన్‌ను తట్టుకునే జన్యువును తగిలిస్తాయి. ఎంజైమును ఎంత కడిగినా ఆ జన్యువు తునకలు సీసాలో రవ్వంత మిగలొచ్చు. మురికి బాగా ఉన్న నీళ్లలో ఆ రవ్వంత లెక్కలోకి రాదు. తేటనీళ్లలో మాత్రం పెద్దమనిషిలా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఇదంతా ఆమె తన విద్యార్థులకు క్లాసులో చెప్పిన పాఠమే.

మర్నాడు శుద్ధమైన నీళ్లు తీసుకుని, అదే సీసాలోని ఎంజైము కలిపి, ఏడాది కిందట చెయ్యాల్సిన పని చేసింది. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ఊట లేదు, ఆస్పత్రి లేదు, పాలకూర లేదు. కొనుక్కొచ్చిన శుద్ధజలంలో ఆ జన్యువు దర్జాగా మెరుస్తోంది.

ప్రొఫెసరు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఊట ఒక్కదాన్ని తీసేద్దామమ్మా. తక్కినవి ఉంచుదాం."

"ఏది ఎంజైము సీసాదో ఏది కాలువదో తెలియకుండా ఏం తీసేస్తాం సార్? ఏం ఉంచుతాం?"

"ఆస్పత్రి దగ్గర తప్పకుండా ఉంటుంది కదా."

"ఉండొచ్చు. మన దగ్గర ఉన్నదాన్ని బట్టి మాత్రం చెప్పలేం."

"ప్రాజెక్టులో పైసా లేదు. మళ్లీ చెయ్యాలంటే..." ఆయన మంచివాడే, పెద్ద పేపరు చేతికందినట్టే అంది జారిపోతోందని బాధ. చివరికి కళ్లజోడు పెట్టుకుని, "చేసి బిల్లు పెట్టు. నేను ఇప్పిస్తాను," అన్నాడు. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి.

మున్సిపాలిటీలో ఇంజినీరు నోటును తిరగేసి మరగేసి చూశాడు.

"నిన్న ఉందన్నారు. ఇవాళ లేదంటున్నారా మేడమ్?"

"లేదనట్లేదు సార్. తెలియదంటున్నాను."

"ఉంది అంటే ఫైలుంది. లేదు అంటే ఫైలుంది. తెలియదు అనడానికి మా ఆఫీసులో ఫైలు లేదు."

"అయితే ఒకటి తెరవండి. మా నోటు తప్పని నేను రాసిస్తాను, దాంట్లో పెట్టండి."

తాను తప్పు చేశానని సంతకం పెట్టి మరీ రాసిచ్చే మనిషి ఆ ఆఫీసుకు కొత్త. ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇంజినీరు కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. నెలాఖరు దాకా గడువిచ్చాడు. ఆలోగా సరైన ఫలితం రాకపోతే తాళం తాళమే.

ఇంట్లో ఆమె సంగతంతా చెప్పింది. భర్త ఫ్రిజ్‌లకు గ్యాస్ నింపే కొత్త మెషిన్ కోసం కూడబెడుతున్నాడు.

"అయితే డాక్టరుగారూ, ఇప్పుడు ఖాళీ ట్యూబు కోసం నా మెషిన్ పోయినట్టేనా?"

"పోలేదు, వాయిదా పడింది."

"ఖాళీ నీళ్లకు కూడా డబ్బు కట్టాలా?" అంది అత్తగారు, లోపలినుంచి.

"ఖాళీ అని తేల్చడానికి కట్టాలి అత్తయ్యా."

"మా కాలంలో గిన్నె బోర్లిస్తే తేలిపోయేది."

అన్నదే గానీ, పొద్దున్నే బూట్లు కడిగి గుమ్మంలో పెట్టింది ఆవిడే.

ఈసారి నీళ్లు పట్టడానికి వెళ్తుంటే తోటపెద్ద వెంటపడ్డాడు. నమ్మకంతో కాదు, అనుమానంతో. ఐసుపెట్టె తన చేతిలోనే ఉండాలని పట్టుబట్టాడు. ఊట దగ్గర ఆమె కాలువ నీళ్లతో పాటు, ల్యాబు నుంచి తెచ్చిన శుద్ధమైన నీళ్లను కూడా ఒక సీసాలో పోసి, మూత పెట్టి, పెట్టెలో సర్దింది.

"ఇదేంటి, ఇంటినుంచి నీళ్లు తెచ్చి ఇక్కడ సీసాలో పోస్తున్నావ్?"

"తప్పు నాదైతే ఇందులో దొరికిపోతుంది బాబాయ్."

"నీ మీద నువ్వే కాపలా పెట్టుకుంటున్నావా?"

"పోయినసారి పెట్టుకోలేదు."

ఆయనకు మొట్టమొదటిసారి విషయం బోధపడింది. "అంటే అప్పుడు, నీ గదిలోకొచ్చి అడిగినప్పుడు, ఉందని చెప్పావే..."

"తెలియకుండానే చెప్పాను."

ఆయన తిడతాడనుకుంది. ఆయన ఐసుపెట్టెను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "నేను కూడా ఓసారి కలుపు మందనుకుని ఎరువు చల్లా," అన్నాడు. "గడ్డి నడుం దాకా పెరిగింది. పద, ఆస్పత్రి దగ్గరకి. ఎండ ముదురుతోంది."

వేరే కంపెనీ ఎంజైము, ప్రతి అంచెలోనూ ఖాళీ ట్యూబులు. వడపోతకు ఒకటి, డీఎన్ఏ తియ్యడానికి ఒకటి, కాపీలకు ఒకటి. సీక్వెన్సింగ్ సెంటరు వాళ్లు కూడా ఆశ్చర్యపోయి ఫోన్ చేశారు: మేడమ్, ఇన్ని నమూనాల్లో ఏమీ లేనట్టుంది, ఏదో పొరపాటు జరిగిందేమో. "జరగలేదు," అంది ఆమె. "వాటిని కూడా నడపండి."

నెలాఖరుకు ముందే ఫలితం వచ్చింది. ఖాళీ ట్యూబులు ఖాళీగా ఉన్నాయి. ఊటలో ఆ జన్యువు లేదు. మట్టి బాక్టీరియాకు తరతరాలుగా ఉండే పాత ఉపాయాలు కొన్ని ఉన్నాయి, అవి మందులు పుట్టకముందు నుంచీ ఉన్నవే. మందులను తట్టుకునే జన్యువులు ఇళ్ల దగ్గర కాస్త పెరిగాయి. ఆస్పత్రి వెనక పైపు దాటగానే ఒక్కసారిగా గుంపులుగా కనిపించాయి, అదీ రకరకాల ఇరుగుపొరుగుతో, ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకడానికి సిద్ధంగా. బొమ్మ ఈసారి గజిబిజిగా వచ్చింది. ఆ గజిబిజి చూసి ఆమె ఊపిరి పీల్చుకుంది. తూము దగ్గరికి వచ్చేసరికి చాలా తగ్గినా, పూర్తిగా పోలేదు.

తోటపెద్దకు ఆ చివరి ముక్క కూడా దాచకుండా చెప్పింది. ఆయన ముఖం ముడుచుకున్నాడు గానీ, "ఇప్పుడు తెలిసే చెప్తున్నావా?" అని అడిగాడు. తెలిసే, అంది. "అయితే ఏం చెయ్యాలో అదీ చెప్పు" అన్నాడు.

చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. కాలువ మొత్తం చెడిందంటే ఇంజినీరు చేతులెత్తేశాడు. ఒక పైపు అంటే అతని చేతిలో పని. వెళ్లి చూస్తే, ఆస్పత్రిలో మురుగునీటిని శుభ్రం చేసే తొట్టి ఉంది, దానికి గాలి కొట్టే మోటారు ఉంది, కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఎవరో దాన్ని ఆపేసి చాలాకాలమైంది. ఆపమన్నది ఎవరో ఎవరికీ గుర్తులేదు, ఇలాంటివి ఎప్పుడూ ఎవరికీ గుర్తుండవు. మోటారు మళ్లీ తిరిగింది. తోటల తూముకు తాళం పడలేదు. పచ్చిగా తినే ఆకుల మడులకు మాత్రం ఆస్పత్రికి ఎగువనుంచి వేరే పైపు వేసుకోవాలన్నారు. తోటపెద్ద ఆ పైపును తిట్టుకుంటూనే వేయించాడు. కొన్ని నెలల తర్వాత నీళ్లావిడ మళ్లీ సీసా ముంచితే, ఆస్పత్రి దగ్గరి గుంపు సగానికి సగం పలచబడింది. తూము దగ్గర వెతికితే గానీ దొరకలేదు. అంతా బాగైపోయిందని ఆమె అనదు. మోటారు తిరుగుతున్నంతకాలం తగ్గుతుంది, అంటుంది.

పెద్ద పేపరు రాలేదు. దాని బదులు, మా ఫలితం మా ఎంజైము సీసాలోంచి వచ్చింది, అని చిన్న పేపరొకటి వచ్చింది. దాని మీద ఎక్కడెక్కడి ల్యాబుల నుంచో ఉత్తరాలు వచ్చాయి. మా నదిలోనూ అదే జన్యువు అన్నిచోట్లా కనిపిస్తోంది, మీ బొమ్మ పంపిస్తారా, అని. ఆమె రెండు బొమ్మలూ పంపుతుంది, ముచ్చటైనదీ గజిబిజిదీ. ప్రొఫెసరు ఇప్పుడు ఎక్కడ ఉపన్యాసం ఇచ్చినా, "మా ల్యాబులో ముందు బ్లాంక్, తర్వాతే బ్రహ్మ" అంటున్నాడు. ఆమె వెనక వరసలో కూర్చుని వింటుంది. కొత్త ప్రాజెక్టు కూడా వచ్చింది. అదే కాలువ, ఇంకో మూడేళ్లు.

ఆ మధ్య పక్కింటావిడ, మీ కోడలు ఏం చేస్తుందండీ, అని అత్తగారిని అడిగింది. "ఏమీ లేని నీళ్లలో ఏమీ లేదని తేలుస్తుంది," అందావిడ గర్వంగా. "అది అందరివల్లా కాదు."

విశ్వవిద్యాలయం అకౌంట్స్ సెక్షను వల్ల మాత్రం కాలేదు. రెండోసారి పరీక్షలకు పెట్టిన బిల్లులో కాలువ నమూనాల డబ్బు ఇచ్చారు. ఖాళీ ట్యూబుల దగ్గర ఎర్రసిరాతో సున్నా చుట్టి, నమూనా ఎక్కడినుంచి సేకరించారో రాయలేదని వెనక్కి పంపారు. ఎక్కడినుంచీ కాదు అని ఆమె రాసిచ్చింది. ప్రొఫెసరు కూడా ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఖాళీ ట్యూబుల డబ్బు ఆమెకు ఇంకా రావాలి.